సెన్సేయి ఇంట్లో బుధవారాలు

నేను జపాన్‌లో ఉన్నది అయిదేళ్ళు. అందులో మూడున్నరేళ్ళ పాటు బుధవారాలన్నీ ఒకే ఇంట్లో, ఒకే గదిలో గడిచాయి. టోక్యో ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే షింజుకు లైట్లు, బుల్లెట్ ట్రైను, ఫుజి కొండ గురించి చెబుతాను. కానీ నా మనసులో జపాన్ అంటే ఆ గదే. ఆరు తాతామీ చాపలు పట్టే గది, నేల మీద పరిచిన పాత న్యూస్‌పేపర్లు, తడి ఆకుల వాసన, కత్తెర చప్పుడు.

2008లో మా ఆయన ఉద్యోగం కోసం వెళ్ళాం. టోక్యోలోని నిషి-కసాయ్‌లో ఇల్లు. ఆ స్టేషన్ చుట్టుపక్కల మన దేశం వాళ్ళు బాగా ఉంటారు కాబట్టి కందిపప్పుకీ చింతపండుకీ ఇబ్బంది పడలేదు. ఇబ్బందల్లా పూలకే. మాది తెనాలి. మా పెరట్లో నందివర్ధనం, మందారం, మల్లె, కనకాంబరం అన్నీ ఉండేవి. ఎండాకాలం సాయంత్రాలు అమ్మ మల్లెమొగ్గలు ఒళ్ళో పోసుకుని అరటినారతో మాల కడుతుంటే ఆ వేళ్ళకేసి చూస్తూ కూర్చునేదాన్ని. అలాంటిది శుక్రవారం పూట దేవుడికి పెట్టడానికి ఒక్క పువ్వు లేకుండా గడపడం నాకు చాలా కష్టంగా ఉండేది. సూపర్ మార్కెట్‌లో చామంతులు కాడలతో సహా ప్లాస్టిక్ కాగితంలో చుట్టి అమ్మేవారు. వాళ్ళ ఇళ్ళల్లో పెద్దల పటాల దగ్గర పెట్టుకునేవి అవి. నేను అవే కొని, తలలు తుంచి, పళ్ళెంలో పోసి పూజ చేసుకునేదాన్ని.

2009 వరలక్ష్మీ వ్రతానికి మా వీధి చివర పూలకొట్టుకి వెళ్ళి ముప్పై చామంతులు అడిగాను. కొట్టామె కంగారుపడింది. ఇంట్లో ఎవరైనా పోయారేమో అనుకుంది పాపం. వచ్చిన కాస్త జపనీస్‌తో, చేతుల సైగలతో పూజ గురించి చెప్పాను. ఆమెకి నచ్చింది. "మీకు పూలంటే అంత ఇష్టమైతే మా కస్టమర్ ఒకావిడ ఇకెబానా, అంటే మా పద్ధతిలో పూలు అమర్చడం, నేర్పిస్తారు, చేరతారా?" అని అడిగింది. అలా దొరికారు మా సెన్సేయి. అప్పటికి ఆవిడకి డెబ్భై దాటాయి. గురువుని అక్కడ పేరుతో పిలవరు, సెన్సేయి అనే అంటారు. నాకూ అలాగే అలవాటైపోయింది. ఆవిడ నన్ను "రకుషుమీ సాన్" అనేవారు. లక్ష్మి అనడానికి వాళ్ళకి నోరు తిరగదు. ఇప్పటికీ ఆ పేరుతో ఎవరైనా పిలుస్తారేమో అనిపిస్తుంది.

మొదటి క్లాసు అక్టోబరులో. ఎవరి పూల పొట్లం వాళ్ళకి కొట్టు నుంచి వచ్చి ఉండేది. ఆ రోజు దోదాన్ అనే పొద కొమ్మలు రెండు, పసుపు చామంతులు నాలుగు. కొమ్మల మీద చిన్న చిన్న ఆకులు, అప్పుడే ఎర్రబారుతున్నాయి. ఎదురుగా సుయిబాన్, అంటే లోతు తక్కువ వెడల్పాటి గిన్నె. అందులో కెంజాన్. సీసపు దిమ్మ మీద వందలకొద్దీ ఇత్తడి సూదులు నిలబెట్టిన పీట అది. ఆ మాటకి కత్తుల కొండ అని అర్థం. అరచేతిలో పట్టేంత ఉంటుంది కానీ, ఎత్తితే చెయ్యి కిందికి దిగుతుంది.

పూలు పట్టుకునే ముందు నేర్పింది మిజుకిరి. కాడని నీళ్ళలో ముంచి, నీళ్ళ లోపలే చివర ఏటవాలుగా కత్తిరించాలి. బయట కత్తిరిస్తే కాడలోకి గాలి చేరి, నీళ్ళు పైకి ఎక్కవు, పువ్వు తొందరగా వాలిపోతుంది. చామంతికి మాత్రం కత్తెర వాడనివ్వలేదు. చామంతికి ఇనుము గిట్టదని వాళ్ళ నమ్మకం. నీళ్ళలోనే రెండు బొటనవేళ్ళతో పట్టుకుని పుటుక్కున విరవాలి. ఆ చిన్న చప్పుడు నీళ్ళలోంచి వేలికి తెలుస్తుంది. ఎన్నేళ్ళుగా చామంతులు చూస్తున్నానో, ఆ రోజు వరకు చామంతి కాడ ఎలా విరుగుతుందో నాకు తెలియదు.

సెన్సేయిది సోగెత్సు పద్ధతి. తెషిగహారా సోఫు 1927లో మొదలుపెట్టిన సంప్రదాయం. అందులో మొదటి పాఠం అంతా కొలతలే. మూడు ముఖ్యమైన కొమ్మలు: షిన్, సోయె, హికాయె. గిన్నె వెడల్పు, లోతు కలిపి దానికి ఒకటిన్నర రెట్లు షిన్. షిన్‌లో ముప్పావు వంతు సోయె. సోయెలో ముప్పావు వంతు హికాయె. నా గిన్నె ముప్పై సెంటీమీటర్లు, లోతు ఆరు. అంటే షిన్ యాభై నాలుగు, సోయె నలభై, హికాయె ముప్పై. ఇంక వాలు. నిటారు గీత నుంచి షిన్ పదిహేను డిగ్రీలు, సోయె నలభై అయిదు, హికాయె అటు పక్కకి డెబ్భై అయిదు. స్కేలు పెట్టి కొలిచి మరీ గుచ్చాను. పూలకి కొలతలేమిటని లోపల కొంచెం చిరాకుగానే ఉంది.

కొమ్మని సూదుల మీద ముందు నిటారుగా గుచ్చి, తరువాత మెల్లగా వంచాలి. మొదటే ఏటవాలుగా గుచ్చితే నిలవదు. నాకది అర్థమయ్యేసరికి నాలుగుసార్లు కొమ్మ నీళ్ళలో పడింది. చివరికి ఎలాగో నిలబెట్టాను. మధ్యలో ఖాళీ కనిపిస్తోందని మిగిలిన రెమ్మలన్నీ అక్కడ కూర్చాను. నిండుగా ఉంది, బాగుందనుకున్నాను. మన కంటికి నిండుగా ఉంటేనే కదా అందం!

సెన్సేయి వచ్చి నా వెనకే మోకాళ్ళ మీద కూర్చున్నారు. నా భుజం మీదుగా, నా కళ్ళ ఎత్తులోంచి చూశారు. "కిరేయ్ దెసు నె," బాగుంది అన్నారు. అని కత్తెర తీసుకున్నారు. మధ్యలో నేను కూర్చిన రెమ్మలన్నీ పోయాయి. షిన్ కొమ్మ మీద ఎదురుగా వచ్చిన ఆకులు పోయాయి. ఒకదాన్నొకటి దాటుతున్న రెండు పుల్లల్లో ఒకటి పోయింది. నాలుగు చామంతుల్లో ఒకటి పక్కన పెట్టారు. అంత చక్కటి ఎర్రటి ఆకులు న్యూస్‌పేపర్ మీద రాలుతుంటే నా నోట్లోంచి "అయ్యో" అని వచ్చేసింది.

ఆవిడ ఆగారు. ఆ మాటకి అర్థమేమిటని అడిగారు. నాకు చెప్పడం రాలేదు. బాధ, జాలి, వద్దు అన్నీ కలిసిన మాట అన్నాను. ఆవిడ ఒకటికి రెండుసార్లు పలికి చూసుకున్నారు: "అయ్యో. అయ్యో." ఆ తరువాత మూడున్నరేళ్ళూ నా కొమ్మ మీద కత్తెర పెట్టేముందు ఒకసారి నా మొహంలోకి చూసి "అయ్యో?" అని అడిగి, నేను తలూపాకే కత్తిరించేవారు.

ఆ రోజు ఆవిడ లేచాక నా గిన్నెకేసి చూశాను. మూడే కొమ్మల్లా ఉంది. కానీ ఒక్కో ఆకూ విడిగా కనిపిస్తోంది. షిన్ కొమ్మ చివర చిన్న వంపు ఉందని అప్పుడు చూశాను. గంటసేపు అదే కొమ్మ చేతిలో పట్టుకుని కూర్చున్నాను, ఆ వంపు నా కంటపడలేదు. మధ్యలో నేను భయపడిన ఖాళీని వాళ్ళు "మా" అంటారు. అది వదిలేసిన చోటు కాదు, అట్టిపెట్టిన చోటు అని సెన్సేయి చెప్పారు.

క్లాసు అయిపోగానే అమర్చినదంతా తీసేసి, తడి న్యూస్‌పేపర్‌లో చుట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి, మళ్ళీ ఒంటరిగా అమర్చుకోవాలి. అసలు నేర్చుకోవడమంతా అక్కడే. ఇంటికొచ్చేసరికి కొమ్మ పొట్టిదైపోతుంది, సెన్సేయి చెయ్యి ఉండదు, మా బాబు కాళ్ళ దగ్గర తిరుగుతుంటాడు. వంటింటి గట్టు మీదే పెట్టుకుని, అటు పప్పు ఉడుకుతుంటే ఇటు ఈ పని. ఏడాది తిరిగేసరికి చేతికి కొంచెం అలవాటైంది. కొమ్మని రెండు చేతులా పట్టుకుని, బొటనవేళ్ళు ఆనించి మెల్లగా వంచడం నేర్చుకున్నాను. లోపల నార కదిలే సన్నటి చప్పుడు వస్తుంది. అక్కడ ఆగాలి. ఇంకొక్క పిసరు వంచితే విరుగుతుంది.

ఋతువులు కూడా నాకు ఆ గదిలోనే తెలిశాయి. కొత్త సంవత్సరానికి పైన్ కొమ్మలు, నాండినా అనే పొద ఎర్ర పళ్ళు. మార్చి 3న ఆడపిల్లల పండగకి పీచ్ కొమ్మలు, ఆవపూల లాంటి పసుపు పూలు. మేలో ఐరిస్ ఆకులు, కత్తుల్లాగా. శరత్కాలంలో సుసుకి గడ్డి. అది చూసినప్పుడల్లా మా ఊరి కాలవగట్టు మీద రెల్లు గుర్తొచ్చేది. మనం రెల్లుపూలని ఇంట్లోకి తెస్తామా? వాళ్ళు వెన్నెల రాత్రికి ఆ గడ్డినే కూజాలో పెడతారు.

ఒక బుధవారం సెన్సేయి రిక్యూ కథ చెప్పారు. 16వ శతాబ్దంలో టీ సంప్రదాయానికి పెద్ద పేరు తెచ్చినాయన. ఆయన తోటలో మార్నింగ్ గ్లోరీ పూలు విరగబూశాయని విని హిదెయోషి ప్రభువు చూడ్డానికి వస్తే, తోటలో ఒక్క పువ్వు లేదట. అన్నీ కోయించేశాడు. కోపంగా లోపలికి వెళితే టీ గదిలో ఒకే ఒక్క పువ్వు. ఆ కథని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ మిగతా పూలేం పాపం చేశాయి? ఉండబట్టలేక ఆ మాటే అనేశాను. గురువుగారికి కోపం వస్తుందేమో అని టెన్షన్ పడ్డాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకూ ఆ కథలో ఎప్పుడూ మిగతా పూల మీదే ధ్యాస ఉంటుంది" అన్నారు. లేచి మమ్మల్ని స్నానాల గది వైపు తీసుకెళ్ళారు. అక్కడ అద్దం ముందు, సాకె అనే బియ్యపు మద్యం తాగే చిన్న గిన్నెలో, పొద్దున మా కొమ్మల నుంచి కత్తిరించిన పొట్టి రెమ్మలు. గుమ్మం దగ్గర చెప్పుల అలమార మీద ఇంకో గిన్నె. వంటింటి కిటికీలో ఇంకోటి. ఏడాదిగా ఆ ఇంటికి వస్తున్నాను, వాటినెప్పుడూ పట్టించుకోలేదు.

2011 మార్చి 11, శుక్రవారం. మధ్యాహ్నం రెండూ నలభై ఆరుకి వచ్చిన ఆ భూకంపం గురించి ఎంతోమంది రాశారు. నేను బాబుని ఎత్తుకుని మెట్లన్నీ దిగి, పార్కులో చలిలో నిలబడ్డాను. అంతకంటే చెప్పలేను. మా ఆయన నడిచి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరారు. ఆ వారమంతా ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం వార్తలు, ఇండియా నుంచి ఫోన్లు. నాన్న ఏడ్చారు. మా బిల్డింగ్‌లో తెలిసిన కుటుంబాలు ఒక్కొక్కటే టికెట్లు దొరికిన రోజున వెళ్ళిపోయాయి. మేం వెళ్ళాలా ఉండాలా అని రోజూ రాత్రి మాట్లాడుకునేవాళ్ళం, ఏదీ తేలేది కాదు.

16న క్లాసు లేదు. 23న ఉందని సెన్సేయి ఫోన్ చేశారు. వస్తే రండి, రాకపోయినా ఫరవాలేదు అన్నారు. అయిదుగురిలో ముగ్గురం వెళ్ళాం. పూలకొట్టు నుంచి పొట్లాలు రాలేదు. ఆవిడే పెరట్లో చెట్టు నుంచి మనిషికొక కమేలియా కొమ్మ కోసి పెట్టారు. ఒక్కో కొమ్మకి ఒక్కో మొగ్గ, నిండా దళసరి ఆకులు. "ఈ రోజుకి ఇది చాలు" అన్నారు.

నేను కెంజాన్ మీద కొమ్మ గుచ్చి, చెయ్యి తీసి, నీళ్ళకేసి చూస్తున్నాను. సుయిబాన్‌లో నీళ్ళు వణికాయి. అంచు నుంచి మధ్యకి సన్నటి వలయాలు. ఇల్లు ఇంకా కదల్లేదు, పైన వేలాడే దీపం కదల్లేదు, నీళ్ళకి ముందే తెలిసింది. తరువాత కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఆ రోజుల్లో అవి రోజూ వచ్చేవి. అయినా ప్రతిసారీ గుండె జారిపోయేది. నేను లేవబోయాను. సెన్సేయి నా గిన్నె అంచు మీద చెయ్యి వేసి కూర్చున్నారు. ఏమీ మాట్లాడలేదు. మేం నలుగురం ఆ నీళ్ళనే చూస్తూ కూర్చున్నాం. వలయాలు పెద్దవై, చిన్నవై, ఆఖరికి నీళ్ళు నిలిచాయి. నీళ్ళలో కొమ్మ నీడ మళ్ళీ ఒక్కటిగా కనబడింది. అప్పుడు ఆవిడ చెయ్యి తీసి, కత్తెర పట్టుకుని, నా వైపు చూసి "అయ్యో?" అన్నారు. తలూపాను. మొగ్గని కప్పుతున్న ఆకు ఒకటి తీసేశారు.

ఇంటికొచ్చి కొమ్మని కిటికీ దగ్గర పెట్టాను. ఆ మధ్యాహ్నమే కనమాచి నీటిశుద్ధి కేంద్రం నీళ్ళలో రేడియోధార్మిక అయోడిన్ దొరికిందని, టోక్యోలో పసిపిల్లలకి కుళాయి నీళ్ళు పట్టవద్దని ప్రకటించారు. కిలోకి 210 బెక్వెరెల్‌లు. ఏడాది లోపు పిల్లలకి పెట్టిన పరిమితి 100. మరునాటికి తగ్గింది, ఆ సలహా ఎత్తేశారు. కానీ ఆ ఒక్క రాత్రి నాకు బాగా గుర్తుంది. మా బాబుకి నాలుగేళ్ళు, ఆ లెక్కలోకి రాడు. అయినా వాడికి గ్లాసుతో నీళ్ళు ఇవ్వడానికి చెయ్యి రాలేదు. కుళాయి నీళ్ళే తాగుతూ కిటికీలో ఆ కమేలియా ఉంది. నాలుగో రోజున విచ్చుకుంది. కమేలియా రేకులుగా రాలదు, పువ్వుకి పువ్వే తెగి పడుతుంది. అది పడేనాటికి మేం ఉండిపోవాలని నిర్ణయించుకున్నాం. పువ్వుని చూసి నిర్ణయించుకున్నామని కాదు, మా ఆయన ఆఫీసు సంగతులు చాలా ఉన్నాయి. కానీ ఆ వారంలో నేను భయం లేకుండా చూడగలిగింది ఆ ఒక్కదాన్నే. ఆ ఏడాది ఉయెనో పార్కులో చెర్రీ చెట్ల కింద సంబరాలు వద్దన్నారు. చెట్లు మాత్రం విరగబూశాయి.

2012లో సెన్సేయి మమ్మల్ని క్యోటో తీసుకెళ్ళారు. ఇకెబానా పుట్టిల్లు చూడకపోతే ఎలా అన్నారు. నగరం నడిబొడ్డున ఆరు మూలల కప్పుతో రొక్కకుదో గుడి. దాని వెనక ఇకెనోబో వాళ్ళ పెద్ద బిల్డింగ్. ఇకెనోబో అంటే చెరువు పక్కన కుటీరం. అక్కడ ఉండే పూజారులు రోజూ బుద్ధుడికి పూలు పెట్టేవారు. 1462లో సెంకెయ్ అనే పూజారి బంగారు పాత్రలో పూలు అమరిస్తే నగరంలో జనం ఎగబడి చూశారని ఒక బౌద్ధ సన్యాసి తన డైరీలో రాసుకున్నాడట. అంటే మొదట ఇది దేవుడి ముందు పూలు పెట్టే పనే! ఆ మాట వినగానే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. చామంతుల తలలు తుంచి పళ్ళెంలో పోసుకున్న నేనూ, ఆ పూజారీ చేసింది ఒకే పని కదా.

గుడి పక్కన గాలికి ఊగుతున్న విల్లో చెట్టు కింద నిలబడి, సెన్సేయికి మా అమరావతి గురించి చెప్పాను. స్కూల్లో ఉండగా ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్ళారు. స్తూపం రాతిపలకల మీద చెక్కిన పూర్ణఘటాలు, కుండ నిండి పైకి పొంగే తామరపూలు, మొగ్గలు. బుద్ధుడి చోట మావాళ్ళు దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటే కుండలో పూలు చెక్కిపెట్టారు అన్నాను. ఆవిడ నోట్‌బుక్ తీసి బొమ్మ వేయమన్నారు. నాకు చేతనైనట్టు వేశాను. కుండ నోరు కనబడనంత పూలు. ఆవిడ దాన్ని చూసి చూసి, "ఒక్కటి కూడా తీయబుద్ధి కాదు" అన్నారు. ఆ బొమ్మ కాగితం చింపి తన దగ్గరే పెట్టుకున్నారు.

2013 మార్చిలో తిరిగి వచ్చేశాం. ఆఖరి బుధవారం క్లాసు అయ్యాక సెన్సేయి తన పాత కెంజాన్ న్యూస్‌పేపర్‌లో చుట్టి ఇచ్చారు. సూదులు అక్కడక్కడా వంగి ఉన్నాయి. గుమ్మం దాకా వచ్చారు. నేను వంగి నమస్కారం చేసి తలెత్తేసరికి, ఆవిడే అన్నారు, "అయ్యో" అని. ఈసారి అడిగినట్టు కాదు. మాట ఎక్కడ వాడాలో ఆవిడకి సరిగ్గా తెలిసిపోయింది.

ఆ ఎండాకాలం తెనాలిలో ఉన్నాను. ఒక పొద్దున పెరట్లో నందివర్ధనం కొమ్మ ఒకటి కోసి, అమ్మ ఇత్తడి బేసిన్‌లో నీళ్ళు పోసి, కెంజాన్ పెట్టుకుని వరండాలో కూర్చున్నాను. అమ్మ కూరలు తరుగుతూ చూస్తోంది. నేను ఒక పక్క రెమ్మ కత్తిరించాను. దాని నిండా మొగ్గలు.

"అయ్యో అయ్యో, అదేంటే! మొగ్గలే అవి!"

నా చెయ్యి ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో తెలియదు. అమ్మ వచ్చి, కింద పడ్డవన్నీ ఏరి కొంగులో వేసుకుంది. విచ్చుకున్నవీ మొగ్గలూ విడదీసి, అరటినార తడిపి, కట్టడం మొదలుపెట్టింది. నేను ఒక్కో రెమ్మా తీస్తున్నాను, అమ్మ ఒక్కో పువ్వూ ముడివేస్తోంది. ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు.

సాయంత్రానికి దేవుడి పటానికి మూరెడు దండ తయారైంది. కింద పీట మీద నా బేసిను, అందులో కొమ్మ. అమ్మ దీపం వెలిగించి, కొమ్మకేసి కాసేపు చూసింది.

"ఇటు పక్క ఖాళీగా ఉందేంటే," అంది. చేతిలో రెండు పూలు మిగిలి ఉన్నాయి. అక్కడ పెట్టబోయి ఆగింది.

"సర్లే, ఉండనీ," అని ఆ రెండూ నా జడలో పెట్టింది.